మామ్మగారి స్విచ్చి

ఆ బస్సులో స్టీరింగుకి ఎడం పక్కన, చెయ్యి చాపితే అందేచోట, ఓ పసుపుపచ్చ స్విచ్చి ఉండేది. దాన్ని నొక్కితే బస్సు తలుపున్న పక్కకి బుస్సుమని గాలి వదిలి జానెడు కిందికి వంగేది. ఇంకోసారి నొక్కితే నెమ్మదిగా లేచి నిలబడేది. కంపెనీ పుస్తకంలో దానికేదో నోరు తిరగని పేరుంది. మేం మాత్రం మామ్మగారి స్విచ్చి అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేను కాదు, మా డ్రైవరుగారు.

షెడ్డుల్లో, వర్క్‌షాపుల్లో కొత్తగా చేరిన పిల్లలూ, ఇది మీ కోసమే రాస్తున్నాను. ఆడపిల్లలు కూడా స్పానర్ పడుతున్నారని విన్నాను, చాలా సంతోషం. ఇందులో నేనేదో ఘనకార్యం చేసినట్టు ఉంటుందనుకుని మొదలుపెట్టేరు, అలాంటిదేం లేదు. కంప్రెసర్ ఎలా మార్చాలో మీకు నాకంటే బాగా తెలుసు. రెండు కంప్రెసర్లు మార్చి ఓ మనిషిని పోగొట్టుకున్న సంగతి చెప్తున్నాను.

రాజమండ్రిలో ఓ ధర్మాసుపత్రి. కళ్ళకి మాత్రమే. అక్కడ బళ్ళ షెడ్డులో ముప్పై ఏళ్ళకి పైగా మేస్త్రిగా చేశాను. రెండు జీపులు, ఓ అంబులెన్సు, నీళ్ళ ట్యాంకరు. ఇవే నా సంసారం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో విదేశాల దాతలెవరో ఓ కంటి పరీక్షల బస్సు పంపారు. లోపలంతా మిషన్లే. ఊళ్ళకి వెళ్ళి, చూపు మందగించిన ముసలివాళ్ళని ఎక్కించుకుని, అక్కడికక్కడే పరీక్ష చేసి, ఆపరేషన్ కావలసినవాళ్ళ పేర్లు రాసుకు రావడం దాని పని. ఆ మిషన్లు కుదుపుకి ఆగవు. అందుకని బస్సుకి కమాను కట్టల బదులు నాలుగు రబ్బరు బెలూన్లు పెట్టారు. వాటిలోకి గాలి కొట్టడానికి వెనక ఎడం చక్రం దగ్గర, కొబ్బరిబోండాం అంత సైజులో, కరెంటుతో తిరిగే చిన్న కంప్రెసర్. దానికి బ్రేకులతో సంబంధం లేదు. బెలూన్లలో గాలి తగ్గితే అది తిరుగుతుంది, నిండితే ఆగుతుంది. అంతే దాని ఉద్యోగం.

బస్సు షెడ్డుకి వచ్చిన రోజు నేను దాని కింద పడుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ బెలూన్లని, సన్నటి నల్లటి నైలాన్ పైపుల్ని చేత్తో తడిమి తడిమి చూశాను. డ్రైవరుగారు పక్కనే గొంతుక్కూచుని, "పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తున్నారేంటండీ మేస్త్రిగారూ, బయటికి రండి, అన్నం చల్లారిపోతోంది," అన్నారు.

ఆయన గురించి చెప్పాలి. నాకంటే ఏడాది చిన్న. నేను చేరిన అయిదారేళ్ళకి జీపు డ్రైవరుగా వచ్చారు. ఆయన్ని నేను డ్రైవరుగారనీ, నన్నాయన మేస్త్రిగారనీ పిలుచుకున్నాం. పదిహేనేళ్ళు ఒకే బల్ల మీద అన్నం తిన్నాం. ఆయన కేరియర్లో పులసముక్క ఉంటే నాకో ముక్క, నా కేరియర్లో గోంగూర ఉంటే ఆయనకి సగం. అయినా ఒక్కనాడు నువ్వు అనుకోలేదు. మా గోదావరి వాళ్ళకి అదో రోగం. కోపం వచ్చినప్పుడు అండీలు ఇంకా ఎక్కువవుతాయి.

సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చొక్కా జేబులో ఓ గుడ్డముక్కతో ఉండేవారు. ఆ గుడ్డతో అద్దం తుడిచేవారు, స్టీరింగు తుడిచేవారు, ఎవరైనా పెద్దావిడ కళ్ళు నీరు కారుతుంటే ఇంకో శుభ్రమైన గుడ్డ తీసి ఇచ్చేవారు. ఆయన దగ్గర రెండు గుడ్డలుండేవని నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

ఆ బస్సు ఆయనకి ప్రాణం. కేంపుకి వెళ్ళగానే దిగి, తలుపు దగ్గర ఎంతమంది ముసలివాళ్ళున్నారో చూసుకునేవారు. మోకాళ్ళు పట్టేసిన మామ్మగారు ఎవరైనా మెట్టు కేసి భయంభయంగా చూస్తే చాలు, వెళ్ళి స్విచ్చి నొక్కేవారు. బస్సు వంగేది. "ఎక్కండి మామ్మగారూ, తొందరేం లేదు." ఆవిడ ఎక్కాక లేపేవారు. ఇంకో మామ్మగారు. మళ్ళీ వంచడం, మళ్ళీ లేపడం. ముసలమ్మలు బస్సుకి దణ్ణం పెట్టేవారు. ఓ లంక ఊళ్ళో ఒకావిడ, "ఏనుగు కూచున్నట్టు కూచుంది తల్లీ," అని బస్సు ఒళ్ళు నిమిరి పసుపు రాయబోయింది.

నాకు మాత్రం ప్రతిసారీ ఆ కంప్రెసర్ మీదే ధ్యాస. వంచినప్పుడల్లా గాలి పోతుంది, లేపినప్పుడల్లా ఆ కంప్రెసర్ తిరిగి తిరిగి నింపాలి. "ఏమండీ, అది చిన్న మోటారండీ. నలుగుర్నీ ఒకేసారి ఎక్కించి ఒక్కసారి లేపొచ్చుగా?" అనేవాణ్ణి.

"నలుగుర్నీ లైన్లో నిలబెడితే వాళ్ళ కాళ్ళు పీకుతాయండీ," అనేవారు. "మోటారుకి కాళ్ళు లేవు కదండీ."

ఇలా ఎంత చెప్పినా నవ్వేసేవారు. నాకు ఒళ్ళు మండేది. బండి నాది అనే అహంకారం ఒకటి ఉంటుంది చూశారా మేస్త్రిలకి, అది నాకు పూర్తిగా ఉండేది.

మొదటి ఏడు బాగానే నడిచింది. మాఘమాసం దాటాక కోనసీమలో కేంపులు పడ్డాయి. వరి కోసిన చేలల్లో మినుము వేస్తారు కదా, అది కోసి తెచ్చి మొక్కలతో సహా తారు రోడ్డు మీద పరిచేస్తారు. బళ్ళు తొక్కుకుంటూ పోతే కాయలు చిట్లి మినుములు రాలతాయి. నూర్చే కూలి మిగులుతుంది. రోడ్డు మీద వెళ్ళే బస్సులూ లారీలూ అన్నీ రైతులకి జీతం లేని పాలేళ్ళన్నమాట. మా బస్సూ తొక్కింది. తొక్కినప్పుడల్లా ఆ మొక్కలు చక్రాలకి చుట్టుకుని, కింద వేలాడుతున్న నైలాన్ పైపుని లాగుతున్నాయి.

షెడ్డుకి వచ్చాక చూసి కంగారుపడ్డాను. వెనక ఎడం బెలూనుకి వెళ్ళే పైపు ఏ నిమిషానైనా తెగిపోయేలా ఉంది. ఓ పాత సైకిల్ ట్యూబు కోసి, పట్టీలా చేసి, పైపుని పైకెత్తి ఛాసిస్‌కి బిగించి కట్టేశాను. ఒకటి కాదు, మూడు చుట్లు. కట్టి, బయటికొచ్చి, చేతులు కడుక్కుంటూ డ్రైవరుగారితో, "ఇంక వెయ్యి పుట్ల మినుములు తొక్కినా ఏం కాదు," అన్నాను. ఆయన కింద వంగి చూసి, "మీ చెయ్యి పడితే తిరుగేముందండీ," అన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. నేనూ మనస్ఫూర్తిగానే పొంగిపోయాను.

రెండు నెలలు గడిచాయి. ఓ పొద్దున్న డ్రైవరుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"మేస్త్రిగారూ, వెనక ఎడం పక్క తెల్లారేసరికి కాస్త కుంగి ఉంటోందండీ. స్టార్ట్ చేశాక లేస్తోంది. ఓసారి చూస్తారా?"

అప్పుడు అక్కడ స్టోరు గుమాస్తా ఉన్నారు, ట్యాంకరు డ్రైవరు ఉన్నాడు, ఇద్దరు వార్డు మనుషులు టీ తాగుతున్నారు. నలుగురుంటే నా నోరు ఊరుకోదు. "మీరు దాన్ని కూచోబెట్టి కూచోబెట్టి అలవాటు చేశారండీ. ఇప్పుడు అడక్కుండానే కూచుంటోంది," అన్నాను.

అందరూ పడీ పడీ నవ్వారు. ఆయనా నవ్వారు. కాస్త ఆలస్యంగా నవ్వారని ఇప్పుడు అనిపిస్తోంది.

చూడలేదా అంటే చూశాను. సబ్బునీళ్ళు కలిపి ప్రతి జాయింటుకీ కొట్టాను, బెలూన్లకి కొట్టాను. ఎక్కడా బుడగ రాలేదు. నేను కట్టిన కట్టు దగ్గర మాత్రం కొట్టలేదు. నేను కట్టిన కట్టు కింద నేనెందుకు వెతుకుతాను? అక్కడ అంతా భద్రంగా ఉంటుందనే కదా కట్టాను.

వైశాఖంలో కంప్రెసర్ కాలిపోయింది. విప్పితే లోపల మోటారు నల్లగా మాడి, ముట్టుకుంటే రాలిపోయింది. దాతలకి ఉత్తరం రాస్తే కొత్తది పంపుతామన్నారు, కానీ ఇది ఎందుకు కాలిందో మేస్త్రి చేత కారణం రాయించి పంపమన్నారు. గుమాస్తా కాయితం నా ముందు పెట్టారు. నేను ఒక్క వాక్యం రాశాను. "డ్రైవరు బస్సును వంచే స్విచ్చిని అవసరానికి మించి వాడడం వల్ల కంప్రెసర్ కాలిపోయినది." గుమాస్తా దాన్ని ఇంగ్లీషులో టైపు చేసి తెచ్చారు. సంతకం పెట్టేశాను. అప్పుడు డ్రైవరుగారు ఇరవై అడుగుల దూరంలో జీపు అద్దం తుడుస్తున్నారు. పిలిచి అడగొచ్చు. ఏమండీ, ఇలా రాస్తున్నాను, మీరేమంటారు, అని. అడగలేదు.

కారణం కోపం కాదు. నన్ను నమ్మండి, కోపం కాదు. నాకు తెలుసు అనుకోవడం.

వారంలో ఆయన్ని బస్సు మీంచి తీసి పాత జీపు మీద వేశారు. మందుల పెట్టెలు తెచ్చే జీపు. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "మేస్త్రిగారూ, స్విచ్చి గురించి మీరే రాశారటగా అండీ?" అన్నారు.

"ఉన్నది రాశానండీ," అన్నాను.

"ఆయ్," అన్నారు. అంతే. మర్నాటి నుంచి అన్నం జీపులోనే తినేవారు. కేరియర్ తెచ్చుకున్నారో లేదో కూడా నేను చూడలేదు. పదిహేను రోజులు పోయాక ఉద్యోగం మానేసి వాళ్ళావిడ పుట్టిల్లు జంగారెడ్డిగూడెం వెళ్ళిపోయారు. అక్కడ పామాయిల్ గెలలు మోసే లారీ నడుపుతున్నారని తెలిసింది. వెళ్ళేటప్పుడు అందరికీ చెప్పి వెళ్ళారు. నాకూ చెప్పారు. "వస్తానండీ మేస్త్రిగారూ" అని చేతులు జోడించారు. నేను నట్టు బిగిస్తూ తలూపాను. ఏం నట్టో ఇప్పుడు గుర్తు లేదు. అంత ముఖ్యమైన నట్టు.

రెండో కంప్రెసర్ వానలు వెనకపట్టాక వచ్చింది. బిగించాను. మామ్మగారి స్విచ్చి వైరు నా చేత్తో కోసేసి, కొసలకి టేపు చుట్టేశాను. కొత్త డ్రైవరు నలభై దాటిన మనిషి, పద్ధతైనవాడు. తలుపు దగ్గర ఓ కర్రపీట వేసేవాడు. ముసలివాళ్ళు పీట ఎక్కి, అక్కణ్ణించి మెట్టెక్కి, ఎవరో జబ్బ పట్టుకుంటే లోపలికి వెళ్ళేవారు. అయిదు నెలలు తిరక్కుండా రెండో కంప్రెసర్ కూడా కాలింది.

ఇప్పుడు స్విచ్చి లేదు, నొక్కేవాళ్ళు లేరు. బుద్ధున్నవాడికి అక్కడే వెలగాలి. నేనేం రాశానో తెలుసా? "వస్తువు తయారీలో లోపం." మొదటిసారి మనిషి తప్పు, రెండోసారి కంపెనీ తప్పు. ప్రపంచంలో ఇంకో తప్పు ఉండే అవకాశం ఉందని నాకు తట్టనే లేదు.

మూడోది వచ్చింది, బిగించాను. అప్పటికి మళ్ళీ మినుములు రోడ్డెక్కే రోజులు వచ్చాయి. ఆత్రేయపురంలో కేంపు. పొద్దున్న పది గంటలకి షెడ్డుకి ఫోను. బస్సు ఎడం పక్కకి ఒరిగిపోయింది, లోపల మిషన్లు వాలిపోతున్నాయి, పరీక్షలు ఆపేశారు, మేస్త్రి రావాలి. సంచీ సర్దుకుని జీపులో వెళ్ళాను.

బడి ఆవరణలో బస్సు. చుట్టూ చెట్ల నీడల్లో నూటికి తక్కువ లేకుండా జనం. అందులో పూతరేకులు తీసే ఆడవాళ్ళు ఎక్కువ. కుండ బోర్లించి, కింద కొబ్బరాకుల మంట పెట్టి, ఆ పొగలో రోజంతా రేకులు తీస్తారు. నలభై ఏళ్ళకే కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉంటాయి. వాళ్ళలో ఓ పెద్దావిడ, డెబ్బై పైనే ఉంటాయి, కర్ర పట్టుకుని పీట ముందు నిలబడి ఉంది. కొత్త డ్రైవరు ఓ జబ్బ, వార్డు మనిషి ఓ జబ్బ పట్టుకుని ఎత్తబోతుంటే విదిలించుకుంది.

"వద్దు బాబూ, మూటలాగా ఎత్తకండి నన్ను," అంది. తర్వాత బస్సు కేసి తలెత్తి, "పోయినేడు ఇదే బస్సు వంగి ఎక్కించుకుందిరా నాయనా. ఇప్పుడేంటి, పొగరెక్కిందా దీనికి?"

నేను సంచీ దించి కింద దూరబోతున్నాను. నన్ను చూసి అడిగింది, "ఆ అబ్బాయేడి? గుడ్డముక్క అబ్బాయి?"

"లేరు మామ్మగారూ. మానేశారు," అన్నాను.

"ఎందుకూ?"

బస్సు కిందకి దూరిపోయాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా తప్పించుకోడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

మధ్యాహ్నం అన్నాల వేళకి జనరేటరు ఆపారు. జనం కూడా పొట్లాలు విప్పుకుని సద్దుమణిగారు. అప్పుడు వినపడింది. చాలా సన్నగా, పాలు పొంగేముందు గిన్నె చేసే చప్పుడులా. చెయ్యి తడుపుకుని పైపు వెంట రాసుకుంటూ వెళ్ళాను. నా కట్టు దగ్గర చేతికి చల్లగా తగిలింది.

చాకుతో సైకిల్ ట్యూబు కోశాను. మూడు చుట్లూ ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. లోపల ఏడాది పాటు చేరిన ఇసుకా, మినప కాయల తొక్కూ కలిసి గట్టి పడి ఉంది. నేను బిగించి కట్టిన ఆ పట్టీ కింద అది పైపుని రుద్ది రుద్ది ఓ చిల్లు పెట్టింది. గుండుసూది మొన అంత. గాలి ఆ చిల్లులోంచి వచ్చి, పట్టీ అంచు వెంట మెల్లగా పోతోంది. రాత్రీ పగలూ పోతోంది. పోయిన గాలి నింపడానికి ఆ కంప్రెసర్ తిరుగుతూనే ఉంది, తిరిగి తిరిగి మాడిపోతోంది. ఎడం పక్క తెల్లారేసరికి కుంగి ఉంటోందండీ. ఓసారి చూస్తారా?

అలా వెల్లకిలా పడుకుని, ఆ ట్యూబు ముక్క గుండె మీద పెట్టుకుని, ఎంతసేపున్నానో తెలీదు. పైన కొత్త డ్రైవరు, "దొరికిందాండీ?" అని అడుగుతున్నాడు. "ఆఁ, దొరికింది," అన్నాను.

చిల్లున్న చోట పైపు కోసి జాయింటు వేశాను. బస్సు లేచి తిన్నగా నిలబడింది. తర్వాత నేనే లోపలికి వెళ్ళి, ఆరేడు నెలల కిందట కోసిన మామ్మగారి స్విచ్చి వైరు మళ్ళీ కలిపాను. ఆ సీట్లో కూచుని మొదటిసారి నేను నొక్కాను. బస్సు వంగింది. పెద్దావిడ కర్ర పట్టుకుని వచ్చి, పీట పక్కకి నెట్టించి, తనంతట తను ఎక్కింది. ఎక్కి నా మొహంలోకి చూసి, "నువ్వు ఆ అబ్బాయివి కావుగా," అంది.

"కాదండీ," అన్నాను.

ఆ ట్యూబు ముక్క జేబులో పెట్టుకున్నాను. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. మీకు అబద్ధం చెప్పను, చెప్పకుండా ఉండిపోదామనే ఆలోచన కూడా వచ్చింది. ఎవరికి తెలుస్తుంది? పైపు అరిగింది, మార్చాను అంటే సరిపోతుంది. కానీ అన్నం బల్ల దగ్గర కూచుంటే ముద్ద దిగేది కాదు. అయిదో రోజు పెద్ద డాక్టరమ్మగారి గదికి వెళ్ళి, ఆ ట్యూబు ముక్క బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆవిడ మితభాషి. అంతా విని, "ఇది ముందు ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పారా?" అన్నారు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి జంగారెడ్డిగూడెం వెళ్ళాను. ఊరి చివర జీడిమామిడి తోటల దగ్గర పెంకుటిల్లు. ఆయన వాకిట్లో బకెట్టు పెట్టుకుని లారీ అద్దం తుడుస్తున్నారు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, "రండి రండి మేస్త్రిగారూ, ఎండన పడి వచ్చారు," అని కుర్చీ వేశారు. వాళ్ళావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ అండీ గారూ ఏమీ వాడలేదు. అదొక్కటే ఆ ఇంట్లో నాకు న్యాయంగా అనిపించింది.

ట్యూబు ముక్క తీసి ఆయన చేతికిచ్చాను. చెప్పాను. ఎక్కడెక్కడ సబ్బునీళ్ళు కొట్టానో, ఎక్కడ కొట్టలేదో, అన్నీ చెప్పాను. ఆయన ఆ ముక్కని వేళ్ళతో అటూ ఇటూ తిప్పి చూశారు. లోపలి పక్క ఇసుక ఇంకా అంటుకునే ఉంది.

"బాగా బిగించి కట్టారండీ," అన్నారు.

"నన్ను తిట్టండి," అన్నాను.

"అబ్బే, తిట్టడం ఎందుకండీ. పని చేసేవాళ్ళకి పొరపాట్లు రాకుండా ఎలా ఉంటాయి? నేను మాత్రం బండి గుద్దలేదా ఎప్పుడూ?" అని ఆ ముక్క నాకు తిరిగి ఇచ్చేశారు. "కాయితం మీద రాసేముందు నన్ను ఒక్క మాట అడిగుంటే బావుండేదండీ. పదిహేనేళ్ళు కదా."

ఆ ముక్క మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఆయనే అడిగారు, "ఇప్పుడు మామ్మగార్లు ఎలా ఎక్కుతున్నారండీ?"

స్విచ్చి మళ్ళీ కలిపానని చెప్పాను. ఆత్రేయపురం పెద్దావిడ గుడ్డముక్క అబ్బాయేడని అడిగిందని చెప్పాను. అప్పుడు ఆయన మొహం తిప్పుకుని, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచారు.

తిరిగి రమ్మని ఆసుపత్రి వాళ్ళు కబురు పెట్టారు. నేను నా పాత కాయితం తప్పని ఇంకో కాయితం రాసి సంతకం పెట్టాను కూడా. కానీ బస్సు అప్పటికే కొత్త డ్రైవరుకి ఖాయం చేసేశారు, అంబులెన్సు ఇస్తామన్నారు. ఆయన వద్దన్నారు. లారీ అలవాటైపోయిందన్నారు. ఓ నెల పోయాక లారీ టైర్ల పని మీద రాజమండ్రి వచ్చి, మధ్యాహ్నం పూట షెడ్డుకి వచ్చారు.

"ఒక్కసారి బస్సు చూసి పోతానండీ," అన్నారు.

బస్సు చుట్టూ ఓ తిరుగు తిరిగారు. వంగి నేను కొత్తగా వేసిన జాయింటు చూశారు. లోపలికెక్కి తన సీట్లో కూచున్నారు. జేబులోంచి గుడ్డ తీసి స్టీరింగు తుడిచారు. నేను కింద తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. షెడ్డులో ఇంకెవరూ లేరు. ఆయన ఎడం చెయ్యి చాపి మామ్మగారి స్విచ్చి నొక్కారు.

బస్సు బుస్సుమని నా ముందు వంగింది. మెట్టు నా పాదం పక్కకి వచ్చి ఆగింది.

ఆయన సీట్లోంచి ఇటు తిరిగి, ఆ పాత నవ్వుతో, "ఎక్కండి మేస్త్రిగారూ, తొందరేం లేదు," అన్నారు.

నేను ఎక్కలేదు. కళ్ళు నిండిపోయాయి. అవి ఆయన చూస్తారేమోనని తల దించుకుని బెలూను కేసి చూస్తున్నట్టు నటించాను. "బాగానే పని చేస్తోందండీ. ఇంక లేపెయ్యండి," అన్నాను. పరీక్ష చేసే మేస్త్రి గొంతుతో అన్నాను. పాడు గొంతు.

ఆయన వెంటనే లేపలేదు. కాసేపు అలాగే ఉంచారు. తర్వాత స్విచ్చి నొక్కారు. కంప్రెసర్ తిరిగింది, బస్సు మెల్లగా లేచింది, మెట్టు నా మోకాలి దాకా వెళ్ళిపోయింది. ఆయన దిగి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, "వస్తానండీ," అన్నారు.

ఆ తర్వాత రెండుసార్లు జంగారెడ్డిగూడెం వెళ్ళాను. మొదటిసారి వెళ్తే లోడు మీద వెళ్ళారన్నారు. రెండోసారి ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు, పాతవాళ్ళు ఖమ్మం దాటి ఎటో వెళ్ళారన్నారు. ఫోన్లు ఇంత లేని రోజులు. ఆయన ఉన్నారో లేదో కూడా నాకు తెలీదు. నేను రిటైరయ్యే ముందు ఆ బస్సు తుక్కుకి వెళ్ళింది. వెళ్ళేముందు పసుపుపచ్చ స్విచ్చి విప్పి ఇంటికి తెచ్చుకున్నాను. ఇది రాస్తున్న బల్ల మీదే ఉంది. నొక్కితే టిక్కుమంటుంది, అంతే.

ఇప్పుడు నా మోకాళ్ళూ పోయాయి. బస్టాండులో మెట్టు ముందు నిలబడి కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుంటుంటే, వెనకవాళ్ళు "తొందరగా ఎక్కండి తాతగారూ" అంటూ నడుం మీద చెయ్యి వేసి తోస్తారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకీ పనులుంటాయి. అలా తోసిన ప్రతిసారీ ఆ మధ్యాహ్నం గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది. అంతమందిలో నాకోసం కూడా ఒకాయన బస్సుని వంచారు. జానెడు ఎత్తు. ఎక్కేసి ఆయన పక్కన కూచుంటే సరిపోయేది.